తల్లి కంచం, బిడ్డ ఊపిరి

పేరాక్ నది సముద్రంలో కలిసే చోట బగాన్ దతుక్ ఉంది. తెలుక్ ఇంతాన్ నుంచి అక్కడికి పోయే దారిలో, కొబ్బరితోటలకూ పామాయిల్ తోటలకూ మధ్య, సుంగై సుమున్ అనే చిన్న ఊరు తగులుతుంది. ఆంగ్లేయుల కాలంలో కోస్తా ఆంధ్ర నుంచి ఓడలెక్కి మలయా చేరిన తెలుగు కూలీలలో చాలామందికి ఈ దిగువ పేరాక్ ప్రాంతమే ఇల్లయింది. కొబ్బరికాయలు దించడం, వలవడం, ఎండుకొబ్బరి తయారుచేయడం వాళ్ల బతుకుతెరువు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు.

ఈ ప్రాంతపు తిండిలో రెండు కాలాలు పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నం, చేపల పులుసు, కొబ్బరిపాలు పోసిన కూర, పండగనాడు అరిటాకు ఒక కాలానివి. టొమాటో రసంలో నిలవచేసిన సార్డిన్ డబ్బా, వేడినీళ్లు పోస్తే ఉడికిపోయే కప్పు నూడుల్స్, పెట్టెలో వచ్చే కొబ్బరిపాలు, ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించి ఇచ్చే వేడి టీ మరో కాలానివి. ఈ రెండో కాలం సుంగై సుమున్‌కే పరిమితం కాదు. కాకినాడలో, శ్రీకాకుళంలో, హైదరాబాదులో కర్రీ పాయింటు ముందు నిలబడ్డ ఎవరికైనా అది తెలిసిందే.

నెల తప్పిన దగ్గర్నుంచీ ప్రతి ఆడపిల్లకూ ఇంటిల్లిపాదీ తిండి గురించి చెబుతూనే ఉంటారు. ఇది తిను, అది ముట్టుకోకు, అది వేడి చేస్తుంది, ఇది బిడ్డకు పడదు. ఇప్పుడు వాటికి మరో భయం తోడయింది. తిండిలో కలిసే రసాయనాల వల్ల పుట్టబోయే బిడ్డకు ఉబ్బసం వస్తుందా? అలర్జీలు వస్తాయా? పసివాడి గొంతులో పిల్లికూతలు వినపడితే ఆ తప్పు తల్లి తిన్నదానిదేనా?

ఈ ప్రశ్నకు సైన్సు చెప్పే జవాబు తల్లిని దోషిగా నిలబెట్టదు. ఆమె తినే తిండిని కుదించమని కూడా అనదు. ఆ తిండి ఏ పాత్రలో వండారు, ఏ డబ్బాలో నిలవచేశారు, ఏ సంచిలో కట్టి ఇచ్చారు అని అడుగుతుంది.

ఊపిరికి పునాది

బిడ్డ ఊపిరితిత్తుల మొలక గర్భంలో నాలుగో వారానికే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి అది తలకిందులుగా పెరిగే చెట్టులా కొమ్మలు వేస్తూ పోతుంది. శ్వాసనాళం రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ 16, 17 వారాలు వచ్చేసరికి ముఖ్యమైన కొమ్మలన్నీ ఏర్పడిపోతాయి. తర్వాత అవి పొడవూ వెడల్పూ పెరుగుతాయి గానీ కొత్త కొమ్మలు పుట్టవు. చివర ఉండే గాలితిత్తులు మాత్రం గర్భం ఆఖరి వారాల్లో మొదలై, బిడ్డ పుట్టాక కూడా కొన్నేళ్లపాటు తయారవుతూనే ఉంటాయి. కాబట్టి గర్భం తొలి సగంలో ఏదైనా తేడా జరిగితే నాళాల నిర్మాణంలో ఆ గుర్తు మిగిలిపోవచ్చు. పుట్టుకతోనే సన్నగా ఉన్న నాళం చిన్నపాటి జలుబుకే మూసుకుపోతుంది. పిల్లికూతలు వినపడేది అప్పుడే.

రెండో పునాది రోగనిరోధక వ్యవస్థది. బిడ్డ శరీరంలో సగం తండ్రి వారసత్వం. తల్లి దేహం దాన్ని పరాయిదిగా భావించి తోసేయకుండా ఉండడానికి, గర్భంలో రోగనిరోధక కణాల సమతూకం కొంత మారుతుంది. పుట్టిన బిడ్డలో కూడా ఆ మొగ్గు ఉంటుంది. అది అలర్జీల వైపు ఉండే మొగ్గు. తల్లిపాలు, మట్టి, సూక్ష్మజీవులు, రకరకాల తిండి తగిలే కొద్దీ ఆ తూకం సర్దుకుంటుంది. కొందరు పిల్లల్లో సర్దుకోదు. వాళ్లకు చర్మం మీద ఎగ్జిమా, ఆ తర్వాత తిండి అలర్జీ, ముక్కు కారడం, ఉబ్బసం ఒకదాని వెనక ఒకటి రావచ్చు.

తల్లి రక్తంలో తిరిగే రసాయనాలు మాయను దాటి బిడ్డను చేరతాయా? చాలావరకు చేరతాయి. ఉమ్మనీటిలో, బొడ్డుతాడు రక్తంలో ప్లాస్టిక్ రసాయనాలను శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. అవి చేరడం నిజం. చేరిన ఆ కొద్దిపాటి మోతాదు ఈ రెండు పునాదులనూ ఎంతవరకు కదిలిస్తుందనేదే అసలు ప్రశ్న.

పామాయిల్‌కు బదులు

2011 మే నెలలో తైవాన్‌ను ఒక వార్త కుదిపేసింది. అక్కడి ప్రభుత్వ ప్రయోగశాలలో పొడి మందుల్లాంటి ఆహార పదార్థాలను పరీక్షిస్తుంటే, ఉండకూడని రసాయనం ఒకటి బయటపడింది. దాని పేరు డీఈహెచ్‌పీ. థాలేట్లు అనే కుటుంబానికి చెందినది. గట్టి పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా, వంగేలా చేయడానికి వాడతారు. అది తిండిలోకి ఎలా వచ్చింది? పళ్లరసాలు, క్రీడాపానీయాలు చిక్కగా, గుజ్జు ఉన్నట్టు కనిపించడానికి ఒక మిశ్రమం కలుపుతారు. దాన్ని పామాయిల్, తుమ్మబంకలాంటి వాటితో చేయాలి. ఖర్చు తగ్గుతుందని, ఎక్కువ కాలం నిలవ ఉంటుందని తయారీదారులు పామాయిల్ తీసేసి ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం పోశారు. గర్భిణులు, పసిపిల్లలు ఏళ్ల తరబడి తాగిన పానీయాల్లో అది ఉంది.

సుంగై సుమున్ చుట్టూ కనుచూపు మేర పరుచుకున్న ఆయిల్‌పామ్ తోటల పంట లాభాపేక్ష వల్ల తిండిలోంచి తొలగిపోయి, దాని చోట విషం చేరిందన్నమాట. ఇది కావాలని చేసిన కల్తీ. అయితే ఎవరూ కల్తీ చేయకపోయినా థాలేట్లు తిండిలోకి వస్తాయి. ఆహార కర్మాగారాల్లోని మెత్తటి పీవీసీ గొట్టాలు, వినైల్ చేతొడుగులు, సీసా మూతల లోపలి రబ్బరులాంటి పట్టీ, తిండి మీద బిగించే పీవీసీ పొర అన్నీ దారులే. థాలేట్లు ప్లాస్టిక్‌కు రసాయనికంగా అతుక్కుని ఉండవు, మధ్యలో ఇమిడి ఉంటాయంతే. నూనె, కొవ్వు తగిలితే సులువుగా బయటికి జారుతాయి. వేడి తోడైతే ఇంకా త్వరగా జారుతాయి. అందుకే నూనె తేలే కూర, వెన్న, మాంసం, కొబ్బరిపాలలాంటి కొవ్వున్న పదార్థాల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

వీటికీ పిల్లల ఉబ్బసానికీ సంబంధం ఉందా? న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పేద పేటల్లోని గర్భిణుల మూత్రంలో థాలేట్ల ఆనవాళ్లను కొలిచి, పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. 2014లో ప్రచురించిన ఫలితాల్లో 300 మంది పిల్లల లెక్క ఉంది. రెండు రకాల థాలేట్లు ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు 5 నుంచి 11 ఏళ్ల లోపు ఉబ్బసం వచ్చే అవకాశం, తక్కువగా ఉన్న తల్లుల పిల్లలతో పోలిస్తే, ఒక రకానికి 72 శాతం, మరో రకానికి 78 శాతం ఎక్కువగా కనిపించింది.

ఈ అంకెలు భయపెడతాయి. వాటి పక్కనే మరో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రెండు థాలేట్లు ఒక్క తిండి నుంచే రావు. నేల మీద పరిచే వినైల్, సౌందర్య సాధనాలు కూడా వాటికి మూలాలు. ముఖ్యంగా తిండి ద్వారా వచ్చే డీఈహెచ్‌పీకి ఆ అధ్యయనంలో ఉబ్బసంతో సంబంధం కనిపించలేదు. ఒక కుటుంబంలోని రసాయనాలన్నీ ఒకేలా పనిచేయవు. ఏ రసాయనం, ఎంత, ఏ నెలలో అని విడివిడిగా అడగాల్సిందే.

మందు కాబోయి ప్లాస్టిక్ అయినది

రెండో కుటుంబం బిస్ఫినాల్‌లది. బిస్ఫినాల్ ఏను 1891లో రష్యా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ దియానిన్ తయారుచేశాడు. 1936లో బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ అది ఈస్ట్రోజన్ హార్మోన్‌లా కొంత పనిచేస్తుందని చూపించాడు. దానికంటే బలమైన కృత్రిమ హార్మోన్ దొరకడంతో దీన్ని మందుగా ఎవరూ పట్టించుకోలేదు. 1950ల నుంచి అది మరో దారిలో లోకమంతా పాకింది. గట్టిగా, గాజులా పారదర్శకంగా ఉండే పాలీకార్బనేట్ సీసాలు దానితోనే చేస్తారు. ఆహారపు డబ్బాల లోపల తుప్పు పట్టకుండా పూసే ఎపాక్సీ పూతకూ అదే మూలం. హార్మోన్‌లా పనిచేస్తుందని ముందే తెలిసిన పదార్థాన్ని తిండికి తగిలేలా వాడడం మొదలుపెట్టి, హాని ఉందో లేదో వెతకడం దశాబ్దాల తర్వాత మొదలుపెట్టాం.

2010లో అమెరికాలోని గాల్వెస్టన్ పరిశోధకులు చూలు ఎలుకలకు తాగేనీటిలో బిస్ఫినాల్ ఏ కలిపి ఇచ్చారు. వాటి పిల్లల్లో ఉబ్బసం లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఇక మనుషుల విషయం. సిన్సినాటిలో 365 మంది తల్లీబిడ్డలను అనుసరించిన అధ్యయనం 2012లో వెలువడింది. దాదాపు ప్రతి తల్లి మూత్రంలోనూ బిస్ఫినాల్ ఏ ఉంది. అది ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరు నెలల వయసులో పిల్లికూతలు ఎక్కువగా వచ్చాయి. మూడేళ్లు వచ్చేసరికి ఆ తేడా పోయింది. ఇందులో ఒక ముఖ్యమైన వివరం ఉంది. 16వ వారంలో తీసిన కొలతకే సంబంధం కనిపించింది, 26వ వారం కొలతకు కనిపించలేదు. శ్వాసనాళాల కొమ్మలు పూర్తయ్యేది కూడా ఆ 16వ వారం ప్రాంతంలోనే. అదే కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చేయలేం గానీ, ఎప్పుడు తగిలిందనేది ఎంత తగిలిందనేదానికి తీసిపోదని అది గుర్తుచేస్తుంది.

2022లో బార్సిలోనా పరిశోధకుల ఆధ్వర్యంలో ఆరు ఐరోపా దేశాలకు చెందిన 3,007 మంది తల్లీబిడ్డల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూశారు. తల్లుల మూత్ర నమూనాల్లో 90 శాతంలో బిస్ఫినాల్ ఏ ఉంది. తల్లిలో దాని మోతాదు రెట్టింపైనప్పుడల్లా, బడి ఈడు ఆడపిల్లల్లో ఉబ్బసం లేదా పిల్లికూతల అవకాశం 13 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. మగపిల్లల్లో పెరగలేదు. హార్మోన్‌ను అనుకరించే పదార్థం ఆడపిల్లల మీద ఒకలా, మగపిల్లల మీద మరోలా పనిచేయడం ఊహకు అందేదే.

13 శాతం అంటే ఎంత? ఉదాహరణకు వంద మంది ఆడపిల్లల్లో పది మందికి ఉబ్బసం ఉండే చోట, అది పదకొండు మందికి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒక తల్లి నిద్ర పోగొట్టుకోవాల్సినంత పెద్ద ముప్పు కాదు. కానీ ఏటా లక్షల ప్రసవాలు జరిగే దేశానికి ఆ ఒక్కరు వేలమంది పిల్లలవుతారు. వ్యక్తికి చిన్నదైన ప్రమాదం సమాజానికి పెద్దది. ఇంట్లో వాళ్లు తల్లికి ఇచ్చే సలహా ఒకలా ఉండాలి, ప్రభుత్వం కర్మాగారానికి పెట్టే నియమం ఇంకొకలా ఉండాలి అనడానికి కారణం ఇదే.

నిపుణులు విడిపోయిన చోటు

2023 ఏప్రిల్‌లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ బిస్ఫినాల్ ఏకు రోజుకు సురక్షితమనుకునే మోతాదును ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాములుగా ఉన్న తాత్కాలిక హద్దు 0.2 నానోగ్రాములైంది. ఆ నిర్ణయానికి ఆధారం క్యాన్సరో, సంతానలేమో కాదు. ఎలుకల ప్లీహంలో ఒక జాతి రోగనిరోధక కణాలు పెరగడం. ఆ కణాలు పెరిగితే ఊపిరితిత్తుల్లో అలర్జీ వాపు రావచ్చని, శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులకు దారితీయవచ్చని ఆ సంస్థ చెప్పింది. అంటే మనం ఈ అధ్యాయంలో వెతుకుతున్న సంబంధమే ఒక ఖండం మొత్తానికి హద్దు గీసింది.

అందరూ ఒప్పుకోలేదు. జర్మనీ ప్రభుత్వ సంస్థే ఆ ఎలుకల లెక్క మనుషులకు అలా వర్తించదని వాదించి, వెయ్యి రెట్లు ఎక్కువైన హద్దును సూచించింది. ఈ విభేదం వెనక నిజమైన చిక్కు ఉంది. బిస్ఫినాల్ ఏ ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది, రోజు తిరిగేసరికి చాలావరకు మూత్రంలో పోతుంది. పొద్దున డబ్బా చేప తిన్న తల్లికి మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తుంది, మర్నాటికి తక్కువ చూపిస్తుంది. తొమ్మిది నెలల్లో రెండు మూడు సార్లు తీసిన నమూనాతో మొత్తం గర్భకాలాన్ని అంచనా వేయడం కష్టం. పైగా డబ్బా తిండి ఎక్కువగా తినే ఇంట్లో పొగ, ఇరుకు, పేదరికం కూడా ఉండొచ్చు. ఏది దేని వల్ల వచ్చిందో విడదీయడం తేలిక కాదు. న్యూయార్క్‌లోనే చేసిన మరో అధ్యయనంలో గర్భంలో తగిలిన బిస్ఫినాల్ ఏ కంటే, పుట్టాక పిల్లలకు తగిలినదానికే పిల్లికూతలతో సంబంధం కనిపించింది.

కాబట్టి ఇప్పటికి నిజాయితీగా చెప్పగలిగింది ఇంత. ఈ రసాయనాలు బిడ్డను చేరతాయి. జంతువుల్లో ఊపిరికి, రోగనిరోధక వ్యవస్థకు హాని చేయగలవు. మనుషుల్లో సంబంధం ఉందనే సూచనలు ఉన్నాయి, అవి అన్ని చోట్లా ఒకేలా లేవు. ఖర్చూ కష్టమూ లేకుండా తగ్గించుకునే దారి ఉంటే ఇంతకంటే రుజువు కోసం ఆగనక్కర్లేదు. ఆ దారి ఉంది. దానికి ముందు తప్పుదారి ఒకటి చూపించాలి.

పథ్యం అనే ఉచ్చు

బిడ్డకు అలర్జీ రాకూడదంటే తల్లి తిండి మానేయాలనే ఆలోచన మన పెద్దవాళ్లదే కాదు, డాక్టర్లది కూడా. అలర్జీలున్న కుటుంబాల్లో గర్భిణులు వేరుశనగ తినకుండా ఉంటే మంచిదని 1998లో బ్రిటన్ సూచించింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఇలాంటి సలహానే ఇచ్చింది. అలర్జీలు తగ్గలేదు. 2008లో గిడియన్ లాక్ బృందం బ్రిటన్‌లోని యూదు పిల్లలను ఇజ్రాయెల్ పిల్లలతో పోల్చింది. నెలల వయసు నుంచే వేరుశనగ తినే ఇజ్రాయెల్ పిల్లలకంటే, దూరంగా ఉంచిన బ్రిటన్ పిల్లల్లో ఆ అలర్జీ దాదాపు పది రెట్లు ఎక్కువ. ఆ తర్వాత అలర్జీ ముప్పున్న 640 మంది పసిపిల్లలపై పరీక్ష చేసి 2015లో ఫలితం చెప్పారు. తొలి ఏడాదిలోనే వేరుశనగ రుచి చూపిన పిల్లల్లో అలర్జీ 81 శాతం తగ్గింది. పాత సలహాలు వెనక్కి పోయాయి.

గర్భిణి గుడ్లు, పాలు, చేపలు మానేసినంత మాత్రాన బిడ్డకు అలర్జీ రాకుండా పోదని, ఆమెకు చాలినంత బరువు పెరగని ముప్పు మాత్రం ఉంటుందని అధ్యయనాల సమీక్షలు తేల్చాయి. రసాయనాల భయం కూడా ఇదే ఉచ్చుగా మారకూడదు. చేపలో ప్లాస్టిక్ ఉందట, కూరగాయల్లో మందులట, పాలలో కల్తీయట అని ఒక్కొక్కటీ కంచంలోంచి తీసేస్తే చివరికి మిగిలేది రక్తహీనత.

చేప సంగతే చూడండి. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణులలో సగం మందికి 24వ వారం నుంచి రోజూ 2.4 గ్రాముల చేపనూనె కొవ్వులు ఇచ్చారు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం, వాళ్ల పిల్లల్లో తరచూ వచ్చే పిల్లికూతలు లేదా ఉబ్బసం 16.9 శాతానికి, మిగతా వాళ్ల పిల్లల్లో 23.7 శాతానికి కనిపించాయి. ఒంట్లో ఆ కొవ్వులు తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. అంత మోతాదు మామూలుగా తినే చేపముక్కల నుంచి రాదు, దాన్ని అందరికీ మందులా సూచించడం లేదు. అయినా చేప తినే తల్లి తన అలవాటును భయంతో మానుకోకూడదని ఈ ఫలితం గట్టిగా చెబుతుంది. బగాన్ దతుక్ రేవుల్లో గానీ, కోస్తా ఆంధ్ర సంతల్లో గానీ చవగ్గా దొరికే కనగర్తలు, కవళ్లలాంటి చిన్న చేపల్లో ఈ కొవ్వులుంటాయి, పాదరసం తక్కువ. సొరచేపలాంటి పెద్ద వేటచేపల్లోనే పాదరసం పేరుకుంటుంది. గర్భిణి మానుకోవాల్సింది ఆ పెద్దవాటినే.

పథ్యం పెట్టాల్సింది ఏదైనా ఉంటే అది చక్కెరకు. బ్రిటన్‌లో దాదాపు 9,000 మంది తల్లీబిడ్డల సమాచారంతో 2017లో వచ్చిన అధ్యయనంలో, గర్భంలో కలుపుడు చక్కెర బాగా ఎక్కువగా తీసుకున్న తల్లుల పిల్లల్లో అలర్జీ వల్ల వచ్చే ఉబ్బసం, బాగా తక్కువగా తీసుకున్న వాళ్ల పిల్లలతో పోలిస్తే, రెట్టింపు కనిపించింది. ఇదీ సంబంధమే గాని రుజువు కాదు. అయితే చక్కెర తగ్గించడం వల్ల గర్భిణికి పోయేదేమీ లేదు. చిక్కటి తీపిపాలు పోసి తిరగకలిపే టీ రోజుకు మూడు నాలుగు కప్పులు తాగే ఊళ్లలో ఈ మాటకు బరువుంది. మలేసియా ప్రభుత్వం 2019 జూలై 1 నుంచి తీపి పానీయాల మీద మొదట లీటరుకు 40 సెన్ల పన్ను వేసింది. ఊబకాయం, చక్కెర జబ్బు కోసం తెచ్చిన ఆ నియమం పిల్లల ఊపిరికీ మేలు చేయొచ్చు.

రెచ్చగొట్టేవి వేరు

తిండిలో కలిపేవన్నీ ఒక్క గాటన కట్టేస్తే భయమే మిగులుతుంది, తెలివి మిగలదు. ఇప్పటిదాకా చెప్పుకున్నవి ఊపిరికి పునాది వేసే దశలో తగిలేవి. జబ్బు ఉన్నవాళ్లను రెచ్చగొట్టేవి వేరే ఉన్నాయి. రొయ్యలు నల్లబడకుండా, ఎండుపళ్లు రంగు పోకుండా వాడే సల్ఫైట్లు అలాంటివి. ఉబ్బసం ఉన్నవారిలో కొద్దిమందికి అవి వెంటనే ఆయాసం తెప్పించగలవు. అందుకే అమెరికా 1986లో పచ్చిగా తినే పళ్లు, కూరగాయల మీద వాటి వాడకాన్ని నిషేధించింది. రొయ్యలు తిన్న ప్రతిసారీ ఒక బిడ్డకు ఆయాసం వస్తుంటే రొయ్యకే అలర్జీనా, దానికి పట్టించిన సల్ఫైటుకా అని డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. అజినొమొటో వల్ల ఉబ్బసం వస్తుందని చాలాకాలంగా చెప్పుకుంటున్నా, జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు.

ఇక ఊపిరికి అన్నిటికంటే ఖాయమైన శత్రువు తిండిలో లేదు, పొగలో ఉంది. గర్భిణి పీల్చే సిగరెట్ పొగ, అది భర్త తాగేదైనా సరే, బిడ్డ ఊపిరితిత్తుల పనితీరును తగ్గిస్తుందనడానికి గట్టి రుజువులున్నాయి. 2015లోలా పొరుగు దేశపు అడవుల పొగ మలేసియా మీద కమ్మిన రోజులు, ఇంట్లో రాత్రంతా వెలిగే దోమల చుట్ట, పెరట్లో కాల్చే కొబ్బరిడొక్కల పొగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ప్లాస్టిక్ డబ్బా మార్చి, ఇంట్లో సిగరెట్ మానకపోతే బిడ్డకు చేసిన మేలు చాలా తక్కువ.

గిన్నె మార్చడం

ఇప్పుడు ఆ సులువైన దారి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అయిదు కుటుంబాలకు మూడు రోజులపాటు తాజాగా వండిన తిండి పెట్టారు. డబ్బాలు లేవు, ప్లాస్టిక్‌లో నిలవ లేదు. వాళ్ల మూత్రంలో బిస్ఫినాల్ ఏ సగటున 66 శాతం, డీఈహెచ్‌పీ ఆనవాళ్లు సగానికి పైగా పడిపోయాయి. పాత తిండికి తిరిగి వెళ్లగానే మళ్లీ పెరిగాయి. అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు 75 మందికి అయిదు రోజులు రోజుకో డబ్బా సూప్ ఇస్తే, తాజా సూప్ తాగినప్పటికంటే బిస్ఫినాల్ ఏ పది రెట్లకు మించి పెరిగింది. ఒంట్లో నిలవ ఉండని రసాయనాలు కాబట్టి, అలవాటు మారిన కొద్ది రోజులకే ఫలితం కనిపిస్తుంది. అయిదో నెలలో ఈ సంగతి తెలిసిన తల్లికి కూడా ఆలస్యం కాలేదు.

చేయాల్సినవి కొన్నే. వేడి, కొవ్వు, ప్లాస్టిక్ ఈ మూడూ ఒకచోట చేరనీయకూడదు. వేడి కూర ఇంటికి తెచ్చుకోవాలంటే స్టీలు క్యారేజీ తీసుకెళ్లడం మేలు. ప్లాస్టిక్ గిన్నెతో మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. తాజా చేప దొరికిన రోజు డబ్బా చేప జోలికి పోనక్కర్లేదు. చేతికి వేరే చేప దొరకని రోజు అప్పుడప్పుడూ ఒక డబ్బా తింటే కొంపేమీ మునగదు. కొబ్బరి ఇంట్లో ఉన్నప్పుడు కోరి పాలు తీసుకోవడమే ఉత్తమం. పాత, గీతలు పడ్డ పాలీకార్బనేట్ సీసాలో వేడినీళ్లు పోయకూడదు.

ప్లాస్టిక్ వస్తువు అడుగున త్రికోణంలో ఉండే అంకె కొంత దారి చూపిస్తుంది. 3 అంటే పీవీసీ, థాలేట్లు ఉండే అవకాశం ఎక్కువ. 7లో పాలీకార్బనేట్ ఉండొచ్చు. 6 పాలీస్టైరీన్, వేడికి తగదు. 2, 4, 5 అంకెలవి పాలిథిలిన్, పాలిప్రొపిలిన్. టీ, కూర కట్టి ఇచ్చే పల్చటి సంచులు ఎక్కువగా ఈ రకానివే. వాటి తయారీకి బిస్ఫినాల్ గానీ, మెత్తబరిచే థాలేట్లు గానీ అక్కర్లేదు. అందుకని అవి నిర్దోషులని కాదు, వేడికి మిగతా కలుపుడు పదార్థాలు కొన్ని వదులుతాయి. కానీ అన్నిటికంటే ముందు మార్చాల్సినవి అవి కావు. ‘బీపీఏ లేదు’ అని రాసి ఉంటే కూడా పూర్తిగా నిశ్చింత పడలేం. చాలాచోట్ల దాని స్థానంలో బిస్ఫినాల్ ఎస్, బిస్ఫినాల్ ఎఫ్ అనే చుట్టాలనే వాడారు. గాజు, స్టీలు, అరిటాకుల విషయంలో ఈ చిక్కు లేదు.

ఎవరి బాధ్యత

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ మంచివే. అయినా వాటిని గర్భిణి నెత్తిన పెట్టి ఊరుకుంటే అన్యాయం చేసినవాళ్లం అవుతాం. పొద్దున్నే పనికి పోయే ఆడమనిషి మధ్యాహ్నం తిండి ఎక్కడో కొనుక్కుంటుంది. కర్మాగారంలోని గొట్టం పీవీసీదో కాదో ఆమె చూడలేదు. డబ్బా లోపలి పూత ఏమిటో పైన రాయరు. కనపడనిదాన్ని కనిపెట్టి తప్పించుకోమని ఆమెకు చెప్పడం సలహా కాదు, నింద. పిల్లాడికి ఉబ్బసం వచ్చాక ‘నువ్వేం తిన్నావో’ అని అడిగే అత్తగారి నోటికి మనం ఈ సైన్సును అందించకూడదు.

చట్టం పనిచేస్తుంది. పాలీకార్బనేట్ పాలసీసాలను ఐరోపా 2011లో నిషేధించింది, మలేసియా 2012 మార్చి 1 నుంచి నిషేధించింది, తర్వాత భారత ప్రమాణాలూ బిస్ఫినాల్ ఏను పాలసీసాల నుంచి తప్పించాయి. ఈ దేశాల్లో ఏ తల్లీ సీసా సీసా పరీక్షించుకోనక్కర్లేకుండా ఆ ప్రమాదం తగ్గిపోయింది. కానీ పాలసీసా బిడ్డ పుట్టాక చేతికొచ్చేది. 16వ వారంలో శ్వాసనాళాలు కొమ్మలు వేస్తున్నప్పుడు బిడ్డకు తగిలేది తల్లి తినే డబ్బాలోది. ఐరోపా 2024 డిసెంబరులో తెచ్చిన నియమం ఆ మాట గుర్తించింది. ఆహారానికి తగిలే పూతలు, ప్లాస్టిక్‌లలో బిస్ఫినాల్ ఏను నిషేధిస్తూ అది 2025 జనవరి 20 నుంచి అమల్లోకి వచ్చింది, పరిశ్రమకు మారడానికి గడువు ఇచ్చింది. ఇలాంటి ఇతర ప్రమాదకర బిస్ఫినాల్‌లనూ కట్టడి చేసింది.

మలేసియా, భారత్ కూడా పాలసీసా దగ్గర ఆగకుండా తల్లి తినే డబ్బా దాకా రావాలి. లోపలి పూత ఏమిటో డబ్బా మీద రాయించాలి. ఆహార కర్మాగారాల్లో థాలేట్లున్న గొట్టాలు, చేతొడుగులు మాన్పించాలి. గర్భిణుల ఆరోగ్య తనిఖీల్లో రక్తహీనతతో పాటు ఇంట్లో పొగ గురించి, వంటపాత్రల గురించి రెండు మాటలు అడగాలి. తెలుగు సంఘాలు పండగ భోజనాల్లో నురగ పళ్లాలు మానేసి అరిటాకులు వేయడం రేపే మొదలుపెట్టొచ్చు, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు. గర్భిణికి మనం ఇచ్చే ‘తినొద్దు’ జాబితా వీలైనంత చిన్నదిగా ఉండాలి. తిండి తయారుచేసేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఇచ్చే ‘కలపొద్దు’ జాబితానే పొడుగ్గా ఉండాలి.